ఒప్పుకోకూడదు, కాదనకూడదు

చనిపోయిన మనిషి గురించి రాసేవాళ్ళు, ముందే ఏవో సూచనలు కనిపించాయని రాయడం చాలా పుస్తకాల్లో చూశాను. పక్షి వచ్చి కిటికీకి కొట్టుకోవడం, గోడ గడియారం ఆగిపోవడం. చదివినప్పుడల్లా అవి తర్వాత కూర్చుని అతికించిన సంగతులని అనిపించేది. నేను రాయబోయేవి అలాంటివి కావు. ఇవి జబ్బు లక్షణాలు. ఏ డాక్టరుకైనా చెప్పి ఉంటే, తల ఊపి కాగితం మీద రాసుకునేవాడు. అవి సుమారు ఐదు నెలలు నా కళ్ళముందే జరిగాయి. నేను వాటిని చూసి నవ్వాను. ఆయన పోయి ఏడాది దాటింది. ఇంకొంచెం ముందు చెప్పి ఉంటే ఏమయ్యేదో నాకు తెలియదు. ఆ సంగతి అడిగితే డాక్టర్లు కూడా సూటిగా చెప్పలేదు.

ఆయన మా హైస్కూల్లో కెమిస్ట్రీ టీచరు. నేను లెక్కలు చెబుతాను. మా ఇల్లు కాపెల్ అనే ఊళ్ళో, స్కూలు అక్కడినుంచి ఇరవై అయిదు నిమిషాలు. ఆయన గదీ నా గదీ ఎదురెదురు. తలుపులు తీసి ఉంటే నా బోర్డు దగ్గర నిలబడి ఆయన లాబ్‌లో మొదటి బెంచీ చూడొచ్చు. ఆయనకు అప్పుడు యాభై ఎనిమిదేళ్ళు. సన్నగా, పొడుగ్గా ఉండేవారు. రోజూ ఒకే రకం గళ్ళ చొక్కా, జేబులో ఒక చిన్న నోట్‌బుక్.

ఆయన మాటలన్నీ ఇంగ్లీషులో అన్నవే. కానీ నాకు తెలుగులోనే గుర్తున్నాయి. నా జ్ఞాపకంలో ఆయన నన్ను 'నువ్వు' అంటారు, నేను ఆయన్ని 'మీరు' అంటాను. వయసును బట్టి అలా కుదురుకుంది. ఆయనకు ఈ సంగతి ఎప్పుడూ చెప్పలేదు.

నేను ఆ స్కూల్లో చేరిన మొదటి వారం, రెండో పీరియడ్‌లో మార్కర్ కోసం డ్రాయర్ లాగితే అందులో పెద్ద రబ్బరు బల్లి ఉంది. పిల్లలందరూ ఊపిరి బిగబట్టి చూస్తున్నారు. ఎదురుగదిలో ఆయన కూడా గుమ్మం దగ్గర నిలబడ్డారు. నేను పెరిగిన ఇంట్లో ట్యూబ్‌లైట్ వెనక ఎప్పుడూ రెండో మూడో బల్లులు ఉండేవి. వాటి కింద కూర్చునే పరీక్షలకి చదువుకున్నాను. అయినా ఆ రోజు భయపడ్డాను. బల్లికి కాదు. కొత్త దేశం, కొత్త ఉద్యోగం, నా ఇంగ్లీషు విని ముందురోజు వెనక బెంచీలో ఇద్దరు నవ్వారు. ఇప్పుడు కేక వేస్తే ఏడాదంతా ఈ క్లాసు నా మాట వినదని అనిపించింది. బల్లిని తోక పట్టుకుని తీసి బల్లమీద పెట్టాను, మార్కర్ తీసుకున్నాను, సమీకరణం రాశాను. వెనక్కి తిరిగి చూడలేదు.

మధ్యాహ్నం ఆయన వచ్చి గుమ్మానికి ఆనుకుని నిలబడ్డారు.

"నువ్వు అరవలేదు."

"దేనికి?"

"డ్రాయర్లో ఉన్నదానికి."

"డ్రాయర్లో ఏముంది?"

ఆయన నావైపు చూశారు. తర్వాత తలుపు చట్రం పట్టుకుని మరీ నవ్వారు. "ఓహో," అన్నారు. "ఆట ఇలా ఆడాలన్నమాట."

అలా మొదలైంది. ఎవరు ఏం చేసినా ఒప్పుకోకూడదు, కాదనకూడదు. అడిగితే చిన్నగా నవ్వి ఊరుకోవాలి. చేయించుకున్నవాళ్ళు కూడా ఏమీ జరగనట్టే నడవాలి. ఆ రూలు ఆయన పెట్టారని స్కూల్లో అందరూ అనుకుంటారు. పెట్టింది నేను. భయంతో పెట్టాను.

రెండేళ్ళలో అది మా వరండా మొత్తానికీ పాకింది. ఒకసారి ఆయన లాబ్ గోడమీది పీరియాడిక్ టేబుల్‌లో ప్రతి మూలకం మీదా తెలుగు అక్షరం రాసిన స్టిక్కర్ అతికించాను. ఆయన మాట మాట్లాడకుండా వారమంతా దానితోనే పాఠం చెప్పారు. పిల్లలు ఇనుము గడిలో 'ఇ' చూసి నేర్చుకున్నారు. ఇంకోసారి ఆయన నా గదిలో కుర్చీలన్నీ వెనక గోడకు తిప్పిపెట్టారు. పిల్లలు వచ్చి అలాగే కూర్చున్నారు. నేను వెళ్ళి వెనక గోడమీద కాగితాలు అంటించి వాటిమీదే లెక్క చేశాను. శుభ్రం చేసే ఆవిడ కూడా ఆడేది. ఒక సోమవారం వచ్చేసరికి చెత్తబుట్టలన్నీ చిన్నవాటినుంచి పెద్దవాటిదాకా వరండాలో వరసగా నిలబడి ఉన్నాయి. ప్రిన్సిపల్ వాటి పక్కనుంచి గుడ్ మార్నింగ్ చెబుతూ వెళ్ళిపోయింది. ఆయన మాత్రం ప్రతిదీ జేబులోని నోట్‌బుక్‌లో రాసుకునేవారు. ఏం జరిగింది, ఏ రోజు, చేసింది ఎవరని అనుమానం. నా పేరులో మొదటి అక్షరం ఆ పుస్తకంలో చాలాచోట్ల ఉందని పిల్లలు చెప్పేవాళ్ళు.

మూడో ఏడు సెప్టెంబర్‌లో ఒక ఉదయం ఆయన కాఫీ కప్పు పట్టుకుని నా గుమ్మం దగ్గరకు వచ్చారు.

"బాగుంది," అన్నారు. "కానీ కెమికల్స్ బీరువాలోనా? అందులో తినేవీ తాగేవీ పెట్టకూడదని నీకు తెలుసు కదా."

ఆ కప్పు అక్కడ నేను పెట్టలేదు. పిల్లలో, శుభ్రం చేసే ఆవిడో అనుకున్నాను. రూలు ప్రకారం చిన్నగా నవ్వాను. ఆయన వేలు చూపించి, "చూస్తాను నీ సంగతి," అంటూ వెళ్ళిపోయారు.

ఆ బీరువాకి ఒకటే తాళంచెవి. అది ఎప్పుడూ ఆయన మెడలో ఉండేది. ఆ సంగతి నాకు తెలుసు. ఆ ఉదయం గుర్తుకు రాలేదని చాలాకాలం నాకు నేనే చెప్పుకున్నాను.

అక్టోబర్‌లో ఒక సాయంత్రం, స్కూలు వదిలాక పేపర్లు దిద్దుకుంటున్నాను. కిటికీలోంచి పార్కింగ్ లాట్ కనిపిస్తుంది. ఆయన ఒక వరస పొడవునా నడిచి వెళ్ళారు. తర్వాతి వరసలో వెనక్కి వచ్చారు. మళ్ళీ మొదటి వరసలోకి వెళ్ళారు. మిగిలినవి పది కార్లు కూడా లేవు. కాసేపటికి లోపలికి వచ్చారు. చలికి ముక్కు ఎర్రబడింది.

"ఓడిపోయాను," అన్నారు. "ఇది నీ బెస్ట్. కారు ఎక్కడ?"

నేను నవ్వాను.

"తాళాలు నా దగ్గరే ఉన్నాయి. ఎలా కదిపావు?"

మళ్ళీ నవ్వాను. ఇది ఆయన నామీద ఆడుతున్న కొత్త ఆట అనుకున్నాను. కారు ఎక్కడో దాచి, నేను దాచానని చెప్పి, నేను కంగారుపడి కాదనేలా చేయడం. కాదంటే నేను ఓడినట్టు. అందుకని పెదవి బిగించి ఇంకో పేపరు తీసుకున్నాను. ఆయన భార్యకు ఫోన్ చేశారు. ఆవిడ వచ్చి తీసుకెళ్ళింది.

మర్నాడు లంచ్‌లో ఆయన అందరికీ చెప్పారు. "కారు మూడురోజులుగా రిపేరు షాపులో ఉందట. పొద్దున మా ఆవిడే నన్ను దింపిందట. ఇంట్లో ఆవిడ మొహంలో నవ్వు కూడా రాలేదు. ఎదురింటమ్మాయి మా ఆవిణ్ణి కూడా తన పార్టీలో కలిపేసుకుంది!" మా గదులు ఎదురెదురు కదా, నన్ను ఆయన అలా పిలిచేవారు, ఎదురింటమ్మాయి అని. టేబుల్ చుట్టూ ఉన్నవాళ్ళు చప్పట్లు కొట్టారు. నేను పులిహోర తింటూ తల వంచుకున్నాను. అందరికీ అది ఒప్పుకున్నట్టే కనిపించింది.

ఆ రాత్రి భోజనాల దగ్గర మా ఆయనకి చెప్పాను. మా ఆయనది సాఫ్ట్‌వేర్ ఉద్యోగం.

"కారు దొరక్క ఆయన తిరుగుతుంటే నువ్వెందుకు నవ్వావ్?"

"రూల్ అది."

"ఏం రూలే అది? మా ఆఫీసులో ప్రొడక్షన్ సిస్టమ్ ఏదైనా డౌన్ అయిందనుకో, ఫస్ట్ అందరూ చెప్పేది ఒకటే, నేను టచ్ చేయలేదు అని. అప్పుడే కదా రియల్ ఇష్యూ ఎక్కడుందో చూస్తారు. అందరూ నవ్వి ఊరుకుంటే ఎలా?"

"ఇది ఆఫీస్ కాదు."

"ఆయన ఏజ్ ఎంత?"

"యాభై ఎనిమిది."

"ఒకసారి చెకప్ చేయించుకోమను."

"నువ్వే వెళ్ళి చెప్పు, మీ కారు సంగతి మీరే మర్చిపోయారని. బావుంటుంది."

"నాకెందుకు? నీ ఫ్రెండ్ కదా. పెరుగు ఇటివ్వు."

ఇచ్చాను. మాట అక్కడితో అయిపోయింది. మా ఆయన అన్నది సరైనదని నాకు ఆ క్షణమే తెలుసు. అయినా పట్టించుకోలేదు. దానికి ఒక కారణం, ఎదురుగదిలో ఆయన జబ్బు మనిషి కావడం నాకు ఇష్టం లేదు. ఆ దేశంలో నాకంటూ ఉన్న సరదా ఆయనే. ఇంకో కారణం రాయకపోతే ఈ రాతకు అర్థం లేదు. నాది ఏటా రెన్యూ చేసే కాంట్రాక్ట్, వీసా దానిమీదే ఉంది. ఒక సీనియర్ టీచర్ బుర్ర సరిగ్గా లేదేమోనని ఆఫీసులో చెబితే, మొదట వచ్చే ప్రశ్న ఈ ఆటల్లో నీ పాత్ర ఏమిటని. మార్చిలో రెన్యువల్ కాగితాలు వస్తాయి. మార్చి దాకా ఆగుదామని నేను ఎప్పుడూ పైకి అనుకోలేదు. కానీ ఆగాను.

డిసెంబర్‌లో, క్లాసు లేని పీరియడ్‌లో ఆయన తన బల్ల దగ్గర కూర్చునే నిద్రపోతున్నారు. నేను పాత రబ్బరు బల్లిని తీసుకెళ్ళి మెల్లగా ఆయన తలమీద పెట్టి, నా గదిలోకి వచ్చి చూస్తూ కూర్చున్నాను. బెల్ మోగింది. ఆయన లేవలేదు. పిల్లలు వచ్చి కూర్చున్నారు, బల్లిని చూశారు, రూలు ప్రకారం ఎవరూ నోరు మెదపలేదు. పుస్తకాలు తీసి వాళ్ళంతట వాళ్ళు చదువుకోవడం మొదలుపెట్టారు. గడియారం చూశాను. పదకొండు నిమిషాలు. అప్పుడు ఆయన తల ఎత్తారు, బల్లి ఒళ్ళో పడింది. దాన్ని చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పి చూశారు. అది ఏమిటో తెలియని మనిషి చూసినట్టు చూశారు. తర్వాత డ్రాయర్లో పెట్టేశారు.

మా అమ్మ పంచాంగంలో బల్లి శాస్త్రం చూసేది. తలమీద పడితే ఏమవుతుందో అందులో ఉంటుంది. నేను అలాంటివి నమ్మను, ఇప్పటికీ నమ్మను. నన్ను భయపెట్టింది ఆ పదకొండు నిమిషాలు. ఇంటికి వెళ్ళేటప్పుడు ఫ్రీవే మీద రేడియో పెట్టుకుని ఆ భయాన్ని పోగొట్టుకున్నాను.

జనవరిలో, మా తెలుగువాళ్ళ అమ్మాయి ఒకతె మధ్యాహ్నం నా గదికి వచ్చింది. పదో తరగతి. వాళ్ళమ్మ నాకు స్నేహితురాలు. శని ఆదివారాల్లో నేను ఆంటీని, స్కూల్లో మిస్‌ని. ఇక్కడే పుట్టిన పిల్ల, తెలుగు తనకు చేతనైనట్టు మాట్లాడుతుంది.

"ఆంటీ, ఐ మీన్, మిస్. మీకు తెలుసా? సర్ ఈరోజు మళ్ళీ సేమ్ లెసన్ చెప్పింది!"

"మళ్ళీ అంటే?"

"మండే చెప్పింది, ట్యూస్‌డే చెప్పింది, టుడే కూడా. త్రీ డేస్! సేమ్ జోక్ కూడా. సేమ్ ప్లేస్‌లో ఆగి, మార్కర్ కింద పెట్టి, సేమ్ జోక్."

"మీరేం చేశారు?"

"మేము కూడా ప్లే చేశాం కదా! అందరం సీరియస్‌గా నోట్స్ రాసుకున్నాం. మూడుసార్లు. ఎవరూ నవ్వలే. నాకైతే స్టమక్ నొప్పి వచ్చింది హోల్డ్ చేసి. హీ ఈజ్ సో గుడ్, మిస్."

"చివర్లో ఆయన నవ్వారా?"

ఆ పిల్ల ఆలోచించింది. "నో. లాస్ట్‌లో బోర్డ్ చూస్తూ నిలబడింది. లాంగ్ టైమ్. తర్వాత, మీకేమైనా క్వశ్చన్స్ ఉన్నాయా అంది. ఎవరూ చెయ్యి ఎత్తలే."

ఆ పిల్ల వెళ్ళిపోయాక నేను కూర్చునే ఉన్నాను. ఎదురుగదిలో ఆయన బోర్డు తుడుస్తున్నారు. తుడిచిన చోటే మళ్ళీ తుడుస్తున్నారు. మర్నాడు అదే పీరియడ్‌లో నా పిల్లలకి పని ఇచ్చి, వరండాలోకి వచ్చి ఆయన తలుపు అద్దంలోంచి చూశాను. బోర్డుమీద వేరే పాఠం ఉంది. నాకు ఎంత హాయిగా అనిపించిందో ఇప్పుడు తలచుకుంటే సిగ్గుగా ఉంటుంది. చూశావా, ఆటే, అని అనుకున్నాను. ఇరవై ఎనిమిది మంది పిల్లలు మూడు రోజులు ఒకే పాఠం రాసుకున్నారు, వాళ్ళ మొహాల్లో ఏమీ లేదు. అది వాళ్ళకు నేర్పింది నేను.

ఫిబ్రవరిలో ఒకరోజు ఏడింటికే స్కూలుకు వెళ్ళాను. వరండా తలుపు తీయగానే వాసన వచ్చింది. మా ఊళ్ళో వంటింట్లో సిలిండర్ లీకైతే వచ్చే వాసన. ఆయన లాబ్ తలుపు తాళం వేసి లేదు. లోపల ప్రతి బెంచీకీ ఒక గ్యాస్ కుళాయి ఉంటుంది. మూడో బెంచీ దగ్గర ఒకటి సన్నగా బుస్సుమంటోంది. లైటు వెయ్యకూడదని గుర్తుంది. చీకట్లోనే తలుపు పక్కన గ్యాస్ ఆపే ఎర్ర బటన్ వెతికి కొట్టాను. చప్పుడు ఆగింది. ఆ గదిలో కిటికీలు తెరుచుకునేవి కావు. తలుపులు బార్లా తీసి బయటికి పరుగెత్తి ఆఫీసుకు ఫోన్ చేశాను. పది నిమిషాల్లో ఫైర్ ఇంజిన్ వచ్చింది. వచ్చిన పిల్లల్ని వచ్చినట్టే బయట ఫుట్‌బాల్ ఫీల్డ్‌లోకి పంపారు. తెల్లవారుతోంది. గడ్డిమీద మంచు ఉంది. ఎనిమిది వందల మంది పిల్లలు జాకెట్లలో చేతులు పెట్టుకుని నిలబడ్డారు. వాళ్ళలో కొందరు నావైపు చూసి కళ్ళతో నవ్వుతున్నారు. ఇది కూడా ఆటే అనుకుంటున్నారు.

ఆయన ఆలస్యంగా వచ్చారు. కోటు గుండీలు తప్పు కాజాల్లో పెట్టుకున్నారు. ఎవరో ఆయనకి ఏం జరిగిందో చెప్పారు. ఆయన గడ్డి దాటి నేరుగా నా దగ్గరకు వచ్చారు. మూడేళ్ళలో ఆయన మొహం అలా ఉండగా నేను చూడలేదు. కోపం కూడా కాదు. నామీద నమ్మకం పోయినట్టు ఉంది.

"గ్యాస్‌తో కాదు," అన్నారు, గొంతు తగ్గించి. "మనం గ్యాస్‌తో ఆడం. పిల్లలు ఉంటారు."

నేను నవ్వలేదు.

"నేను కాదు," అన్నాను.

ఆయన ఆగారు. "నువ్వు అలా అనకూడదు. రూలు..."

"రూలు వదిలేయండి. నేను కాదు. నేను పొద్దున వచ్చి కట్టేశాను."

"మరి ఎవరు?"

"నిన్న లాబ్‌లో ఆఖరున ఎవరున్నారు?"

ఆయన తల తిప్పి ఫైర్ ఇంజిన్ వైపు చూశారు. తర్వాత, "కారు?" అన్నారు.

"నేను కాదు."

"గ్రేడ్ బుక్ మైక్రోవేవ్‌లో?"

మార్కులు రాసుకునే ఆ పుస్తకం సంగతి నాకు తెలియనే తెలియదు. "కాదు."

"అద్దాలు? నా షూలు? మా ఇంటి గుమ్మం ముందు ఆ పాల డబ్బాలు?"

"మీ ఇల్లు ఎక్కడో కూడా నాకు తెలియదు."

ఒక్కొక్కటీ అడిగారు. ఒక్కొక్కదానికీ కాదన్నాను. మా పక్కన పిల్లలు ఒకళ్ళనొకళ్ళు తోసుకుంటూ ఎగురుతున్నారు, చలికి. ఆఖరికి చెప్పాల్సింది ఇంకొకటి మిగిలిందని నాకు అర్థమైంది.

"జనవరిలో మూడు రోజులు మీరు ఒకే పాఠం చెప్పారు," అన్నాను.

"లేదు."

"చెప్పారు. ఒకే జోకుతో సహా."

"పిల్లలు ఎవరూ ఏమీ అనలేదే."

"మీరు ఆడుతున్నారనుకున్నారు."

ఆయన కోటు గుండీలవైపు చూసుకుని, ఒక్కొక్కటే విప్పి, సరిగ్గా పెట్టుకోవడం మొదలుపెట్టారు. రెండుసార్లు తప్పారు. మూడోసారి నేను చెయ్యి చాచబోతే తల అడ్డంగా ఊపారు. పూర్తయ్యాక ప్రిన్సిపల్ దగ్గరకు ఆయనంతట ఆయనే నడిచి వెళ్ళారు. ఏం చెప్పారో వినబడలేదు. ఆవిడ ఆయన భుజంమీద చెయ్యి వేయడం కనిపించింది.

ఆ తర్వాత ఆయన క్లాసులోకి రాలేదు. తలలో గడ్డ అని తేలింది, ముందువైపు, బాగా పెద్దది. ఆపరేషన్ చేశారు. మార్చిలో నా కాంట్రాక్ట్ రెన్యూ అయింది. ఎవరూ నన్ను ఏమీ అడగలేదు. ఏప్రిల్‌లో ఒకసారి ఆసుపత్రికి వెళ్ళాను. తలకు టోపీ పెట్టుకుని, కళ్ళు మూసుకుని ఉన్నారు. నన్ను గుర్తుపట్టారో లేదో తెలియదు. చెయ్యి దుప్పటి మీద తడుముతూ దేన్నో వెతుకుతోంది. నర్సు పెన్ను ఇస్తే పట్టుకున్నారు, ఏమీ రాయలేదు. జూన్‌లో, స్కూలు సెలవులిచ్చిన రెండో వారంలో పోయారు.

ఆగస్టులో గదులు తెరిచారు. ఆయన భార్య లాబ్‌లో సామాను తీసుకెళ్ళడానికి వచ్చింది. సాయంగా నన్ను పిలిచారు. నాలుగు అట్టపెట్టెలు నింపాం. గోడమీద పీరియాడిక్ టేబుల్ తీయబోతే ఆవిడ వద్దంది, కొత్త టీచర్‌కి ఉండనీ అంది. అంచుల్లో ఇంకా కొన్ని తెలుగు అక్షరాలు అతుక్కుని ఉన్నాయి.

తర్వాత ఆవిడ చేతిసంచీలోంచి నోట్‌బుక్ తీసింది.

"ఇది నీకు చూపించమన్నాడు," అంది. "ఆపరేషన్‌కు ముందు. రూలు లేకుండా అడగమన్నాడు."

విద్యార్థుల స్టూళ్ళమీద పక్కపక్కన కూర్చున్నాం. నోట్‌బుక్‌లో ఆ ఏడాది పేజీల్లో నా అక్షరం చాలాచోట్ల ఉంది. గడ్డిమీద నిలబడి మాట్లాడుకున్న రోజు తర్వాత ఆయన మళ్ళీ మొదటినుంచి చూసుకున్నట్టున్నారు. వేరే రంగు పెన్నుతో నా అక్షరం కొట్టేసి పక్కన 'నేను' అని రాసుకున్నారు. కారు, నేను. గ్రేడ్ బుక్, నేను. పాల డబ్బాలు, నేను. చేతిరాత కిందికి పోయేకొద్దీ వాలిపోయింది. కొన్నిటికి కొట్టివేత లేదు, ప్రశ్నార్థకం ఉంది.

ఆవిడ వేలు పెట్టి ఒక్కొక్కటీ అడిగింది. నేను ఉన్నది ఉన్నట్టు చెప్పాను. డిసెంబర్ దగ్గర, తలమీద బల్లి, నేను, అని ఉంది.

"ఇది నేనే చేశాను," అన్నాను. "ఇది ఆయన కాదు."

"నువ్వా?"

"ఆయన నిద్రపోతుంటే పెట్టాను."

ఆవిడ ఒక్కసారి నవ్వింది, వెంటనే ఆగింది. పెన్ను ఇచ్చింది. ఆయన రాసుకున్న 'నేను' కొట్టేసి, పక్కన నా అక్షరం రాశాను.

పేజీలు వెనక్కి తిప్పింది. సెప్టెంబర్. కాఫీ కప్పు, కెమికల్స్ బీరువా. పక్కన నా అక్షరం, ప్రశ్నార్థకం.

"ఇది?"

"నేను కాదు."

"ఖచ్చితంగా?"

"ఆ బీరువా తాళంచెవి ఆయన మెడలో ఉండేది."

ఆవిడ నావైపు తిరిగింది. "తాళంచెవి సంగతి నీకు అప్పుడే తెలుసా?"

"తెలుసు."

కిటికీ బయట ఎవరో లాన్ మోవర్‌తో గడ్డి కోస్తున్నారు. ఆ చప్పుడు దగ్గరకు వచ్చి దూరమైంది.

"కిందటి ఏడాది ఆగస్టులో మా ఇంట్లో ఫోన్ ఫ్రీజర్‌లో దొరికింది," అంది తర్వాత. "ఎవరు పెట్టారు అంటే నన్ను చూసి నవ్వాడు. నేర్చుకుంటున్నావే అన్నాడు. నేను పెట్టానని అనుకున్నాడు. నేను కూడా నవ్వాను. ఎందుకు నవ్వానో చెప్పలేను. స్కూల్లో మీరంతా అంత సరదాగా ఉండేవాళ్ళు. నాకూ అందులో చోటు దొరికిందనిపించింది."

పెన్ను తీసుకుని కప్పు పక్కన నా అక్షరం కొట్టేసి, ఆయన పేరులో మొదటి అక్షరం రాసింది. ఆ పైన ఖాళీగా ఉన్న వరసలో ఇంకొకటి రాసింది. ఆగస్టు, ఫోన్, ఫ్రీజర్. నోట్‌బుక్ మూసి సంచీలో పెట్టుకుంది. నన్ను తప్పుపట్టలేదు, పరవాలేదని కూడా అనలేదు.

ఇద్దరం చెరి రెండు పెట్టెలు మోసుకుంటూ బయటికి వచ్చాం. ఎండ మండిపోతోంది. మెట్లమీద ఆవిడ ఆగి పార్కింగ్ లాట్‌ను ఈ చివరినుంచి ఆ చివరిదాకా చూసింది.

"కారు ఎక్కడ పెట్టానో..." అంది.

"రెండో వరస," అన్నాను వెంటనే. "వ్యాన్ పక్కన. తెల్లది. మీరు అక్కడ పెట్టడం నేను చూశాను."